రెండు సిలిండర్లు, రెండు సీట్లు

కథలాపూర్‌లో మా మామ ముప్పై ఐదేళ్లు బండ్లు బాగుచేశాడు. రేకుల షెడ్డు ఇప్పుడు మూతబడింది గానీ పానాల పెట్టె నూనె మరకలతో ఇంకా అక్కడే ఉంది. ఆయన నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. నేను కోరుట్లలో బడి పంతులును. 2019లో కొన్న ఇంటర్‌సెప్టర్ 650 మీద రోజూ పోయి వస్తాను. ఆ బండి ఇంటికి వచ్చిన రోజు నుంచి దాని విషయంలో మా ఇద్దరికీ మాట కలవలేదు.

మొన్న ఒక ఆదివారం సిరిసిల్లలో చుట్టాలింట్లో పని పడింది. వేరే బండి దొరకలేదు. మామ మొదటిసారి నా వెనక కూర్చున్నాడు. రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా పోయి, పొద్దు వాలే వేళకు తిరిగొచ్చాం. షెడ్డు ముందు దిగగానే మొదలైన మాటలివి.

మామ: జర ఆగు, కాలు తియ్యనియ్యి. ఇంజన్ గురించి ఏమన్న అడుగు, మంచిగనే చెప్త. సీటు గురించి మాత్రం ఇప్పుడు అడగకు అల్లుడా.

నేను: ఇంజన్ గురించే చెప్పు మామా. ఇన్నేండ్ల సంది తిట్టుడే గని ఒక్క మంచి మాట అనలేదు నువ్వు.

మామ: అబద్ధం ఎందుకు చెప్త? వేములవాడ దాటినంక నీ భుజం మీదికెల్లి అద్దంల చూసిన. ఎన్కొచ్చే ఆర్టీసీ బస్సు అద్దం మీది పూలదండ సుత కనవడ్డది. అదే నీ పాత బుల్లెట్ అయితే బస్సు ఎర్ర మరక లెక్క అల్లాడేది. ఇంజన్ పని ఎట్లున్నదో తెల్వాల్నంటే నేను ముందుగాల అద్దమే చూస్త.

నేను: నేనైతే చాక్‌పీస్ చూస్త. బుల్లెట్ మీద కోరుట్ల పోయిన రోజులల్ల మొదటి పీరియడ్ బోర్డు మీద రాస్తుంటే వేళ్లు తిమ్మిరి. అక్షరం వంకర పోయేది. పిల్లలు నవ్వేటోళ్లు. ఇప్పుడు బండి దిగి నేరుగ బోర్డు కాడికి పోత. చెయ్యి నా చెప్పుచేతల్ల ఉంటది. దీన్ని షోకు అంటవ్ నువ్వు. నాకు అది రోజూ అక్కెరొచ్చే సుఖం.

మామ: సుఖం ఎక్కడికెల్లి వచ్చిందో ఎర్కేనా మరి?

నేను: అమ్మమ్మ, పెద్దమ్మ ఒక్క రోట్ల రెండు రోకళ్లతోని పసుపు దంచుడు చూడలేదా? ఒక్కరే దంచితే దెబ్బకు దెబ్బకు నడుమ ఎడం ఉంటది, దెబ్బ గట్టిగ పడాలె. ఇద్దరు దంచితే ఎడం నిండుతది, దెబ్బ తేలికైతది. బుల్లెట్ల ఒక్కటే పిస్టన్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మండుతది. దీంట్ల గవ్వే రెండు చుట్లల్ల రెండుసార్లు. 648 సీసీని రెండు పిస్టన్లకు పంచిన్రు. ఒక్కోదానికి 324. అంటే దీని ఒక్కో పిస్టన్ పని బుల్లెట్ 350 పిస్టన్ పని కంటె జర తక్కువే.

మామ: రోకళ్ల ముచ్చట మంచిగున్నది. గని రెండు రోకళ్లు ఒక్కసారే ఎత్తి ఒక్కసారే వేస్తే రోలు అదురుతది. ఇంగ్లండుల చేసిన పాత ఇంటర్‌సెప్టర్ గట్లనే ఉండె. 1960ల మొదలువెట్టి 1970ల ఆపిన్రు దాన్ని. పిస్టన్లు రెండూ ఒక్కసారే మీదికి, ఒక్కసారే కిందికి.

నేను: అందుకే ఈ కొత్తదాంట్ల క్రాంక్‌ను 270 డిగ్రీలకు మలిచిన్రు. ఒక పిస్టన్ మీద చివరికి పోయి నిలవడ్డప్పుడు రెండోది నడుమల జోరుమీద ఉంటది. ఒకటి ఆగే ఊపును రెండోది అందుకుంటది. మిగిలిన అదురును లోపలి బ్యాలెన్సర్ చూసుకుంటది. మండుడు సమానంగ పడదు. ఒకటి దగ్గర, ఒకటి దూరం. గందుకే దీని చప్పుడు తాళం తప్పినట్టు ఉంటది గని చేతికి తాకదు.

మామ: సరే. రెండు సిలిండర్లు నాకేం కొత్త కాదు. 1983ల ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ 350 తెచ్చిన్రు. యమహా ఆర్డీ 350 అన్నట్టు అది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. ఈ చేతులతోని విప్పిన. 1990 వచ్చేసరికి తయారుచేసుడే బందు. బండి చెడ్డదై కాదు. ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ, సామాను దొరకకపోతుండె. ఇంకో మాట. జావాకు సుత రెండు సైలెన్సర్లుండె, సిలిండర్ మాత్రం ఒక్కటే. రెండు సైలెన్సర్లు చూసి మురిసేటోళ్లను నేను అప్పటి సందే చూస్తున్న.

నేను: సైలెన్సర్లు చూసి నేను కొనలే మామా. నాలుగో గేరుల నిదానంగ పోతుంటే ముంగట ట్రాక్టరు వస్తది. గేరు దించకుండ, ఇంజన్ దగ్గకుండ, తిప్పంగనే దాటుతది. బలమంత కిందనే ఉన్నది. 5250 తిరుగుళ్ల కాడ 52 న్యూటన్ మీటర్లని రాసిన్రు గని, 2500 కాడనే అండ్ల పదింట ఎనిమిది పాళ్లు చేతికొస్తది. కోరుట్ల, మెట్‌పల్లి నడుమ 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీల ఎన్క ఇరికినప్పుడు గీ బలమే పానం కాపాడుతది.

మామ: జాతీయ రహదారి మీద. ఔను. మన తొవ్వ మీద?

ఇక్కడ ఆయన బండి పక్కకు వచ్చి హ్యాండిల్ పట్టుకుని నిలబెట్టి చూశాడు. మళ్లీ మెల్లగా స్టాండు మీదికి వాల్చాడు.

మామ: రెండు వందల కిలోలకు మీదనే. నాట్ల దినాలల్ల ట్రాక్టరు కేజ్‌వీల్సుతోని పొలంకెల్లి రోడ్డెక్కితే బురద గడ్డలు తొవ్వంత పడుతయి. యాసంగి కోతలప్పుడు అదే రోడ్డు మీద వడ్లు ఆరవోస్తరు. సగం రోడ్డు వడ్లు, సగం రోడ్డు ఎదురొచ్చే ఆటో. గప్పుడు నీ 52 న్యూటన్ మీటర్లు ఏం చేస్తయి? పోయిన వానకాలం భూషణ్‌రావుపేట తొవ్వల ఎంతమంది లేపిన్రు నిన్ను?

నేను: ముగ్గురు.

మామ: నూరు సీసీ బండైతే నువ్వొక్కనివే లేపుకుందువు.

నేను: ఒప్పుకుంట. తప్పు నాదే, బురద మీద ముంగటి బ్రేకు వట్టిన. గని ఇంజన్‌కు గార్డు ఉండవట్టే కవరు పలగలే, నా కాలు దక్కింది. అంతకుముందు ఒక దుకాణంల తక్కువ ధరకు వేయించిన గార్డు ఉండె. నిలవడ్డ కాడ వాలితెనే వంగి ట్యాంకుకు తగిలింది. పైపు సన్నగ ఉండె, రెండు బోల్టుల మీదనే నిలిచింది. ఇప్పటిది మందం పైపు, ఫ్రేముకు రెండు దిక్కుల గట్టిగ పట్టింది. సామాన్లల్ల నేను నేర్చుకున్న మొదటి పాఠం గిది.

మామ: పాఠం మంచిదే. ఏనుగును కొన్నోడు అంకుశానికి ఎన్కాడొద్దు. గని నువ్వు అంకుశం కంటె ముందు గంటలు కొన్నవ్. అడుగుత, చెప్పు. మొదటి నెల ఏం కొన్నవ్?

నేను: మోత సైలెన్సర్లు.

మామ: రెండో నెల?

నేను: హ్యాండిల్ చివరలకు పెట్టే గుండ్రటి అద్దాలు.

మామ: మూడో నెల?

నేను: సన్నటి సీటు. పాత కాలపు రేసు బండి తీరు కనవడేది.

మామ: ఆ సీటు వేయించినప్పుడు ఎన్కమనిషి పట్టుకునే కడ్డీ, సారీగార్డు ఏం జేసినవ్?

నేను: తీసి అటక మీద వెట్టిన.

మామ: రుద్రంగి కాడ ఏమైంది?

కొంచెంసేపు నేను మాట్లాడలేదు. ఒక సోమవారం రాజన్న దర్శనానికి నేను, నా భార్య వేములవాడ పోతున్నాం. ఆమె పక్కకు తిరిగి కూర్చుంది, అందరిలాగే ఎడమవైపు కాళ్లు పెట్టి. ఈ బండికి చైనూ ఎడమవైపే. రుద్రంగి దాటుతుండగా కొంగు జారింది. ఆమె అరిచింది, నేను ఆపాను. అంచు బెత్తెడు చిరిగి, నల్లటి గ్రీజు మరక పడింది. ఇంకొక చుట్టు తిరిగి ఉంటే ఏమయ్యేదో మామకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చీర ఇంట్లో మడత పెట్టి ఉంది. ఉతికినా మరక పోలేదు.

నేను: ఆ దినం నా బుద్ధి తక్కువ. దాన్ని బండి మీద వెయ్యకు.

మామ: బండి మీద వేస్తలేను. నీ లెక్క మీద వేస్తున్న. మోటారు వాహనాల నియమాలల్ల 123వది చదువు, పంతులువు కదా. ఎన్క కూసునేటోళ్లకు పట్టుకునే పిడి ఉండాలె, కాళ్లు పెట్టుకునే ఆసరా ఉండాలె, బట్టలు ఇరకకుండ ఎన్క చక్రం సగమన్న కప్పి ఉండాలె. 1989 సందే ఉన్నది. అది సోకు సామాను కాదు. ఎన్క మనిషికి చట్టం ఇచ్చిన హక్కు. నువ్వు తీసింది ఇనుప కడ్డీ అనుకున్నవ్. నా బిడ్డ హక్కు తీసినవ్.

నేను: తీసిన. గని మామా, నీ మాట ఇంకొక దిక్కు సుత పోతున్నది. ఇంటికి ఉపయోగపడేదే బండి, మనసుకు నచ్చేది దుబారా అంటున్నవ్. నేను పొద్దుగాల ఏడున్నరకు వరద కాలువ పక్కపొంటి పోతుంట. మంచు ఉంటది, పసుపు చేన్ల వాసన వస్తది. ఇంజన్ అరవదు, అదరదు. ఆ కొంచెంసేపు నాది. బడి ముచ్చట, ఇంటి ముచ్చట నెత్తిల ఉండది. మనిషికి గంత జాగ ఉండొద్దా?

మామ: ఉండాలె. ఎవలద్దన్నరు? నేను అడిగేది ఒక్కటే. ఆ జాగల ఇంకొకలు కూసుంటే వాళ్లకు సుత ఉండాలె కదా. మొన్న బిడ్డ నాతోని ఏమన్నదో ఎర్కేనా? "బాపూ, బండెక్కితే ఆయన నడుపుతడు, నేను పట్టుకుంట" అన్నది. నాకు గివ్వాల సిరిసిల్ల దాక అదే మాట యాదికొచ్చింది. నువ్వు ముంగట పాట వింటున్నట్టు పోతున్నవ్. నేను ఎన్క ప్రతి స్పీడు బ్రేకర్‌ను నడుంతోని లెక్కవెట్టుకుంట వచ్చిన.

ఆ మాట నన్ను ఆపేసింది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే నేను ఒక్కసారి కూడా నా బండి వెనక సీటు మీద కూర్చోలేదు.

నేను: ఏం చెయ్యాలె మరి? మెకానిక్‌గ చెప్పు, మామగ కాదు.

మామ: ముందుగాల ఉన్నదాన్ని సర్దు, తర్వాత కొను. ఎన్క షాకప్సులు చూడు. రెండు దిక్కుల స్ప్రింగుల కింద గాట్లున్నయి, ఐదు. ఏ గాటు మీద పెట్టినవ్?

నేను: ఒకటి. ఒక్కన్నే తిరుగుత కాబట్టి.

మామ: ఒక్కనికి సరిపోతది. ఇద్దరు కూసుంటే ఉన్న కుంగుడంత మొదలే అయిపోతది, గుంత వచ్చిందంటే స్ప్రింగుకు దిగెతందుకు జాగ ఉండది. నేరుగ నడుంకే తగులుతది. అందరు ఏమనుకుంటరంటే స్ప్రింగు గట్టిచేస్తే దెబ్బ ఎక్కువైతదని. బరువు పెరిగినప్పుడు తిప్పకుంటెనే దెబ్బ. దీనికి పైస ఖర్చు లేదు, కొక్కెం పానా ఉంటే చాలు. టైర్ల గాలి సుత గంతే, ఇద్దరికి వేరే లెక్క ఉంటది. బండి పుస్తకంల రాసే ఉన్నది.

నేను: సీటు?

మామ: ఆ సన్నది తీసెయ్యి. కొత్తది కుట్టిచ్చేటప్పుడు మెత్తటి ఫోము అడగకు. దుకాణంల వేలుతోని ఒత్తితే మెత్తది మంచిగనిపిస్తది. అర్ధగంటల అది అడుగుకు అంటుకుంటది, ఇగ నువ్వు రేకు మీద కూసున్నట్టే. జర గట్టి ఫోము కింద, రెండు వేళ్ల మందం మెత్తది మీద. వెడల్పు పెంచు. ముంగటికి వాలకుండ చదునుగ ఉంచు, లేకుంటే బ్రేకు వట్టినప్పుడల్ల ఎన్కమనిషి నీ వీపు మీద పడుతది.

నేను: గాలి సంగతి చెప్త నేను. ఈ బండి మీద నిటారుగ కూసుంటం కదా, 80 దాటితే ఛాతి మీద గాలి నూకుతది. ముంగట గాలి ఆపే చిన్న అద్దం పెట్టిచ్చిన, మెడనొప్పి తగ్గింది. గుండ్రటి అద్దాలు తీసి పాతవే పెట్టిన, ఎన్క తొవ్వ మొత్తం కనవడుతది. సంచులకు పక్కన కడ్డీలు పెట్టిచ్చిన, బట్ట సైలెన్సర్‌కు తాకదు. ఇవి ఖర్చు కాదంటవా?

మామ: అనను. నేను సామాన్లను మూడు కుప్పలు పోస్త. మనిషికి పనికొచ్చేవి, బండికి పనికొచ్చేవి, కండ్లకు పనికొచ్చేవి. మొదటి రెండు కుప్పలు అయినంక మూడోది కొను, తిట్ట. నువ్వు మూడోదానికెల్లి మొదలువెట్టినవ్. ఆ మోత సైలెన్సర్లు ఏడికి పోయినయి?

నేను: అమ్మలే, తీసేసిన. పక్కింట్ల ముసలామె గుండె ఆపరేషన్ చేయించుకున్నది. పొద్దుగాల నేను బండి తీస్తే లేచి కూసుండేదట. తెలిసిన దినమే విప్పిన.

మామ: మంచి పని చేసినవ్.

మా ఇద్దరి మధ్య ఆ సాయంత్రం మొదటిసారి మాట మెత్తబడింది. కానీ ఆయన అసలు బాధ ఇంకా మిగిలే ఉంది.

మామ: మన మండలంల ఇంటికొక్కడు దుబాయిలనో, సౌదీలనో ఉన్నడు. రెండేండ్లకొకసారి వస్తడు. నీ బండి చూసి గదే కావాల్నంటడు. 2025 సెప్టెంబర్ 22 సందైతే 350 సీసీ దాటిన బండికి 40 శాతం జీఎస్టీ. దాని లోపటిదానికి 18 శాతమే. అండ్ల సగం ధరల మంచి బుల్లెట్ వస్తది. గని కిస్తులు కట్టి గిదే కొంటడు. రెండు నెలలు ఊరంత తిప్పుతడు. తర్వాత బండి బరకం కింద ఏండ్లకేండ్లు. బ్యాటరీ చచ్చిపోతది, పెట్రోలు పాడైతది, ట్యాంకు తుప్పు. ఎండల పడ్డ కష్టం రేకుల కింద తుప్పు పడుతుంటే చూడబుద్ధి కాదు నాకు.

నేను: నా దగ్గరికి వచ్చి అడిగేటోళ్లకు నేను కొనుమని చెప్పను మామా. మూడు ప్రశ్నలు అడుగుత. ఏడాదిల ఎన్ని నెలలు నడుపుతవ్? రోజుకు ఎంత దూరం? ఎన్క ఎవలు కూసుంటరు? మూడింటికి జవాబు సరిగ లేకుంటే నూరు సీసీ చాలంట. ఈ బండి లీటరుకు పాతికే ఇస్తది, 13.7 లీటర్ల ట్యాంకు. ఎండకాలం 45 డిగ్రీలల్ల కోరుట్ల బస్టాండు కాడ ఇరికితే ఇంజన్ సెగ తొడలకు కొడుతది. నా బండికి పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. ఎన్కది పంచరైతే చక్రం విప్పాలె. 2023 సంది వచ్చిన కొన్ని రంగులల్ల అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నయి. కొనేటోడు గవ్వి చూసుకోవాలె. గివన్ని దాయకుండ చెప్త.

మామ: చెప్పి?

నేను: చెప్పినంక సుత కొంటా అంటే, కొననియ్యి. ఏండ్లకేండ్లు క్యాంపుల పది మందితోని ఒక్క రూముల పండుకున్నోడు, తనది అనిపించేది ఒక్కటి కావాల్నని కోరుకుంటే తప్పెట్ల అంటం? పోయేటప్పుడు ఏం చెయ్యాల్నో నేర్పుదాం. బ్యాటరీ వైరు విప్పుడు, ట్యాంకు నిండుగ ఉంచుడు, నెలకొకసారి తమ్మునితోని నడిపిచ్చుడు. హెల్మెట్ ఒకటి కాదు, రెండు కొనుడు.

మామ: పిల్లలుంటే మూడు. నాలుగేండ్ల లోపు పిల్లకు హెల్మెటు, నడుపుతున్నోనికి కట్టే బెల్టు, 40కి మించని జోరు. అది సుత నియమమే. మనుమరాలిని ట్యాంకు మీద కూసోవెట్టుకుని బస్టాండు దాక తిప్పినవ్ నువ్వు.

నేను: ఇగ తిప్ప.

మామ లేచి పానాల పెట్టె తెరిచాడు. అడుగున ఎక్కడో ఉన్న కొక్కెం పానా తీసి, పాత బనియన్ గుడ్డతో తుడిచాడు. బండి పక్కన గొంతుకు కూర్చుని, కొక్కేన్ని స్ప్రింగు కింది గాటులో తగిలించి ఒక్క గుంజు గుంజాడు. "టక్" మంది. ఇంకొక గుంజు. అటువైపు తిరిగి మళ్లీ రెండుసార్లు. మూడో గాటు. రెండువైపులా ఒక్కటే ఉందో లేదో వేలితో తడిమి చూశాడు.

మామ: అటక మీదివి పట్టుకురా. బిడ్డను సుత పిలువు. ఆమె కూసుంటే ఎంత కుంగుతదో చూడాలె.

సారీగార్డు మీద ఆరేళ్ల దుమ్ము. నేను తుడిచి ఇచ్చాను. ఆమె వచ్చి పక్కకు తిరిగి కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను.

"ఏం పట్టుకున్నవ్ బిడ్డా?" అని అడిగాడు మామ.

"ఆయన అంగీ" అంది.

ఆయన ఏమీ అనలేదు. కిందికి వంగి ఆమె పాదాలు చూశాడు. చాలా బండ్లకు సైలెన్సర్ కుడివైపే. ఈ బండికి రెండువైపులా ఉంటుంది గనుక ఆమె మడమ ఎడమ సైలెన్సర్‌కు నాలుగు వేళ్ల దూరంలో వేలాడుతోంది. ఇన్నేళ్లుగా ఆమె కాలు మడిచి పైకి ఎత్తి పట్టుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

మామ: నీ జేబుల చాక్‌పీస్ ఉంటదిగా, తే.

సారీగార్డును దాని జాగాలో ఆనించి పట్టుకుని, ఆమె చెప్పు అంచు ఎక్కడికి వచ్చిందో అక్కడ కడ్డీ మీద తెల్ల గీత గీశాడు. పాదాల పలక అక్కడ అతికించాలి. మరునాడు పొద్దున కోరుట్లలో వెల్డింగు షాపు తెరవగానే నేను ఇచ్చి బడికి పోవాలి.

మామ: ఇంత బండి నీకెందుకని నేను ఇప్పటికీ అంట. పలక పడ్డంక వేములవాడ పోయి రాండ్రి. వచ్చినంక ఎట్లున్నదో నాకు నువ్వు చెప్పకు. బిడ్డను చెప్పమను.